బాదం పప్పు సరే, బీపీ మాటేమిటి?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పెద్దవాళ్ల మతిమరుపు మీద సగం పేజీ వ్యాసం వేశారు. నానబెట్టిన బాదం పప్పులు, సుడోకు, ప్రాణాయామం, అన్నీ ఉన్నాయి. బీపీ అనే రెండక్షరాలు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు. దాని కిందే జ్ఞాపకశక్తి పెంచే పొడి ప్రకటన. వ్యాసం ఎక్కడ అయిపోయిందో, ప్రకటన ఎక్కడ మొదలైందో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఒంటి బరువులో మెదడు నూటికి రెండు వంతులే. కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే కావాలి. అది చేరాల్సింది రక్తనాళాల గుండానే. బీపీ, షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే మెదడు లోపలి సన్నని నాళాలు గట్టిపడి, ఇరుకై, అక్కడక్కడా మూసుకుపోతాయి. పక్షవాతం వస్తే ఇల్లంతా ఆస్పత్రికి పరిగెత్తుతుంది. లోలోపల చిన్న చిన్న చోట్ల రక్తం అందకపోతే మాత్రం ఎవరికీ తెలియదు. "పెద్దాయనకు చాదస్తం ఎక్కువైంది" అని ఊరుకుంటాం. అల్జీమర్స్ పేరు ఇప్పుడు అందరి నోటా ఉంది. నాళాలు దెబ్బతిని వచ్చే డిమెన్షియా, అంటే మతి, ఆలోచన తగ్గిపోయే జబ్బు, కూడా తక్కువేం కాదని, చాలామంది ముసలివాళ్లలో రెండూ కలిసే ఉంటాయని ఎవరు చెప్పాలి?

మా తోడల్లుడు ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో ఒంటికాలి మీద నిలబడి ముగ్గురికి ఒకేసారి చిల్లర లెక్కగట్టి ఇచ్చిన మనిషి. యాభై దాటగానే బీపీ అన్నారు. కొన్నాళ్లు మాత్రలు మింగి, తల తిరగడం తగ్గిందని మానేశాడు. ఇప్పుడు పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు మంచం మీద పరిచి, నోట్లు అటూ ఇటూ పేరుస్తూ కూర్చుంటాడు. మనుషులు గుర్తున్నారు, పేర్లు గుర్తున్నాయి, లెక్క ఒక్కటే తెగదు. స్కాన్ తీస్తే లోపల పాత దెబ్బలు చాలా ఉన్నాయన్నారు.

అమెరికాలో స్ప్రింట్ అనే పరిశోధనలో 9 వేల మందికి పైగా బీపీ ఉన్నవాళ్లను రెండు జట్లు చేసి, పై అంకె ఒక జట్టుకు 140 లోపు, రెండో జట్టుకు 120 లోపు ఉండేలా మందులిచ్చారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం, రెండో జట్టులో డిమెన్షియాకు ముందు వచ్చే తేలికపాటి మతిమరుపు దాదాపు అయిదో వంతు తక్కువ. అసలు డిమెన్షియాలో మాత్రం కచ్చితమైన తేడా తేలలేదు, అదీ చెప్పాలి. అలాగని అందరూ 120కి దించుకోమని కాదు, ఎవరికెంతో డాక్టరే చూడాలి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మార్చుకోదగ్గ 14 కారణాలు చెప్పింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, కదలకుండా కూర్చోవడం అందులో ఉన్నాయి. బాదం పప్పు తినకపోవడం లేదు.

పత్రికలు సరే, ప్రభుత్వం మాత్రం? ఇంటింటి సర్వే అన్నారు. మా వీధికొచ్చినవాళ్ల మెషిన్‌లో బ్యాటరీలు లేవు. అయినా ట్యాబ్‌లో అందరికీ 120/80 పడింది. వీధి వీధంతా అంత ఆరోగ్యంగా ఉన్నందుకు మాకే ఆశ్చర్యమేసింది. ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఒక నెల ఉంటే ఒక నెల ఉండవు. రోజూ మింగాల్సిన మందు వాళ్లకు స్టాకు వచ్చినప్పుడు మింగాలి కాబోలు. నడవమంటారు, ఫుట్‌పాత్ మీద బజ్జీల బండ్లు, బైకులు. పార్కులో పెట్టిన వ్యాయామ పరికరాల మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నారు. రిబ్బన్ కత్తిరించినప్పటి ఫొటో మీ పేపర్లోనే వచ్చింది.

ఇక పెన్షనర్లం ఏటా బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి ట్రెజరీ ముందు గంటలకొద్దీ క్యూ కడతాం. అక్కడ ఒక బల్ల, ఒక నర్సు, బ్యాటరీలున్న ఒక బీపీ మెషిన్ పెడితే ఖజానాకు ఎంత ఖర్చు? ఎలాగూ కదలకుండా కూర్చునే ఉంటాం. ఆ అంకె ఏదో కాగితం మీద రాసి, ఎక్కువున్న వాళ్లకు అక్కడే మాత్రలిచ్చి పంపమని వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా