రీఫ్‌కి ఒక గన్, నీలి సముద్రానికి ఇంకొకటి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్, టౌన్స్‌విల్ ప్రాంతాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు కుర్రాళ్లు కొందరు స్పియర్‌ఫిషింగ్‌లోకి వస్తున్నారు. ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దిగి, ఎక్కువగా సాగదీసిన రబ్బర్ల బలంతో పనిచేసే గన్‌తో ఈటె వదిలి చేపను కొట్టడం ఇది. కొత్తవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: “రీఫ్ (పగడపు దిబ్బ) మీదా పనికి రావాలి, బయట లోతు నీళ్లలో కోనానికీ పనికి రావాలి. ఏ గన్ కొనాలి?” (ఉత్తరాంధ్రలో కోనం, మిగతా చోట్ల వంజరం అనే చేపనే ఇక్కడ స్పానిష్ మాకెరెల్ అంటారు.) రెండింటికీ చక్కగా సరిపోయే గన్ లేదు. ఆ పేరుతో అంటగట్టే 130 సెంటీమీటర్ల గన్ మొదటిసారి కొనేవాడికి డబ్బు దండగ, పైగా ప్రమాదం. ఈ సంగతులు తెలుగులో వివరంగా దొరకడం లేదు కనుక మీ పత్రిక ద్వారా రాస్తున్నాను.

ముందు పొడవు గురించి. పిడి వెనకవైపు ఉండే యూరప్ తరహా గన్‌లలో 90, 100, 110 అనే అంకె బ్యారెల్ (పిడి ముందు ఈటెను మోసే పొడుగాటి భాగం) పొడవును సెంటీమీటర్లలో చెబుతుంది. అమెరికా తరహా చెక్క గన్‌లను అంగుళాల్లో కొలుస్తారు, చాలావాటిలో పిడి మధ్యలో ఉంటుంది. ఈ రెండు రకాల అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పొడవు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మీరు ఎక్కువగా దిగే నీళ్లలో ఎంత దూరం కనిపిస్తుందన్నది. ఒడ్డుకు దగ్గరగా, నదీ ముఖాల పక్కన, నాలుగైదు మీటర్లు కూడా కనిపించని చోట 75 నుంచి 90 చాలు. అంతకన్నా పొడవైతే చేప కనిపించేసరికే ఈటె మొన దాన్ని దాటిపోయి ఉంటుంది. రాతి చూరుల కింద, గుహల్లో గన్ తిప్పడమే కుదరదు. పది, పదిహేను మీటర్లు కనిపించే రీఫ్ మీద 100 లేదా 110 పెట్టుకోవాలి. రీఫ్ అంచు దాటి, ఇరవై మీటర్ల పైన కనిపించే నీళ్లలోనే 120, 130లకు అర్థం ఉంటుంది. గన్ పొడవు పెరిగేకొద్దీ పక్కకు తిప్పేటప్పుడు నీళ్ల ఒత్తిడి బాగా తెలుస్తుంది. కోరల్ ట్రౌట్ అనే రీఫ్ చేప ఒక్కసారి పక్కకు జరిగితే పొడుగు గన్ దాని వెంట తిరగలేదు.

“నా గన్‌లో పవర్ చాలడం లేదు” అనే ఫిర్యాదు చాలాసార్లు గన్ తప్పు కాదు, కంటి లెక్క తప్పు. మాస్క్‌లో ఉన్న గాలి వల్ల నాలుగు మీటర్ల దూరంలో ఉన్న చేప మూడు మీటర్లలోనే ఉన్నట్టు, అసలు కంటే మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. కొత్తవాడు ఆ దూరాన్ని నమ్మి వదులుతాడు. ఈటె చేప దగ్గరికి చేరేసరికి ఊపు సగం చచ్చి, పొలుసు గీరి పక్కకు పోతుంది. వెంటనే షాపుకి వెళ్లి ఇంకా పెద్ద గన్ కొంటాడు. రెండు రబ్బర్లున్న 100 గన్‌తో మొన నుంచి మూడు మీటర్ల లోపు కొట్టిన దెబ్బే గట్టిగా దిగుతుందని లెక్క పెట్టుకోండి. ఆ దూరం కంటికి తెలియడానికి ఇసుక నేల మీద ఒక రాయి పెట్టి, తాడుతో కొలిచి, మాస్క్‌లోంచి చూసి అలవాటు చేసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

రబ్బరు, ఈటె, గన్ బరువు ఈ మూడూ ఒకదానికొకటి కుదరాలి. రీఫ్ గన్‌కి 7 మిల్లీమీటర్ల ఈటె, 16 మిల్లీమీటర్ల రబ్బర్లు రెండు మంచి జోడీ. ఈటె పొడవు మామూలుగా బ్యారెల్ కంటే 40 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది, అంటే 100 గన్‌కి 140. ఒక్క 20 మిల్లీమీటర్ల రబ్బరును లాగడం కన్నా సన్నవి రెండు ఒకదాని తర్వాత ఒకటి లాగడం చేతులకు తేలిక. ఒకటి తెగినా రెండోదానితో ఆ రోజు గడిచిపోతుంది. పవర్ పెంచుదామని 7 మిల్లీమీటర్ల ఈటెకి మూడో రబ్బరు తగిలిస్తే వదిలిన క్షణంలో ఈటె వంగి, తోక ఊపుకుంటూ పోతుంది. గన్ తేలికైతే మజిల్, అంటే గన్ ముందు కొన, పైకి ఎగిరి దెబ్బ చేప వీపు మీదుగా పోతుంది. ఎక్కువ రబ్బరు కావాలంటే మందమైన ఈటె, బరువైన గన్ కూడా కావాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది.

రెడీమేడ్ రబ్బర్లు సరిపోకపోతే మీటర్ల లెక్కన కొని కోసుకోవచ్చు. ఈటెను ట్రిగ్గర్‌లో లాక్ చేసి, మజిల్ రంధ్రం నుంచి ఈటె మీద రబ్బరు తగిలించే కొక్కెం దాకా కొలవండి. అది 85 సెంటీమీటర్లు అనుకుందాం. రబ్బరు రెండు పేటలు కనుక 170. మధ్యలో కొక్కేనికి తగిలే డైనీమా అనే గట్టి సన్నని తాడు, అంటే విష్‌బోన్, సాగదు. దానికి 8 తీసేస్తే 162. రబ్బరు తన పొడవుకు మూడున్నర రెట్లు సాగాలనుకుంటే 3.5తో భాగించాలి, 46 వస్తుంది. రెండు కొనల్లో ముడి లోపలికి పోయేందుకు 3 కలిపి 49 దగ్గర కోయండి. చేతుల్లో ఇంకా బలం రాని వాళ్లు 3తో భాగించుకుంటే మేలు. బలవంతంగా లాగే రబ్బరు త్వరగా అలసిపోతుంది, లాగేవాడూ అలసిపోతాడు. ఈ రెండో సంగతి చిన్నది కాదు. గన్ లోడ్ చేసేటప్పుడు గుండె వేగం పెరిగి, ఊపిరి బిగబట్టే శక్తి తగ్గుతుంది. లోడ్ చేసిన వెంటనే దిగకూడదు, నీటి పైన బోర్లా తేలుతూ ఊపిరి పూర్తిగా నెమ్మదించే దాకా ఆగాలి. మూడు, నాలుగు రబ్బర్ల గన్ మొదటివాడి చేతిలో పెట్టొద్దనడానికి నా వరకు ఇదే పెద్ద కారణం.

బ్యారెల్ అల్యూమినియమైనా, కార్బనైనా, చెక్కైనా రీఫ్ మీద పెద్ద తేడా రాదు. ఈటె కిందంతా ఆనేలా పైన గాడి, అంటే రెయిల్, ఉందా లేదా అన్నదే చూడండి. రబ్బర్లకు బదులు బిగించిన గాలితో ఈటెను నెట్టే గాలి గన్‌లు పొట్టిగా ఉండి మురికి నీళ్లలో బాగా పనిచేస్తాయి కానీ సీల్ పోతే పడవ మీద బాగుచేసుకోలేం. రోలర్ గన్‌లలో రబ్బరు మజిల్ దగ్గర చిన్న చక్రాల మీదుగా బ్యారెల్ కిందికి పోతుంది. తక్కువ పొడవులో ఎక్కువ శక్తి ఇస్తాయి, వెనక్కి తన్నడం తక్కువ. అవి రెండో గన్‌గా కొనుక్కోవాల్సినవి.

ట్రిగ్గర్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. లోపలి భాగాలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. ఈటె తోకను లోపలికి నొక్కితే ‘టక్’మని స్పష్టంగా పట్టాలి. పట్టాక ఈటెను రెండు చేతులతో ముందుకు గట్టిగా లాగి చూడండి, కొద్దిగా జారినా ఆ గన్ వద్దు. ఇసుక రేణువు ఇరుక్కున్నా లాక్ సగమే పడుతుంది, రబ్బరు లాగుతుండగా ఈటె దానంతటదే పోతుంది. సేఫ్టీ మీట ఉందన్న ధైర్యంతో లోడ్ చేసిన గన్‌ను మనిషి వైపు తిప్పకూడదు. లోడ్ చేయడం, దించడం రెండూ నీళ్లలోనే. పడవ నిచ్చెన పట్టుకునే ముందే రబ్బర్లు దించేసి ఉండాలి.

ఈటెకు, గన్‌కు మధ్య ఉండే షూటింగ్ లైన్ 2 మిల్లీమీటర్ల లోపు మందమున్న మోనో (ఒకే పోగు నైలాన్ తాడు) అయితే రీఫ్‌కి బాగుంటుంది, పగడాలకు చిక్కుకోవడం తక్కువ. ఇది తెగేది నడుమ కాదు, తాడు కొనను బిగించే లోహపు క్రింప్ అంచు దగ్గర. అక్కడ గోరుతో గీరితే తెల్లటి గరుకు తగిలిందా, ఆ ముక్క కోసేసి కొత్త క్రింప్ వేయండి. మొన దగ్గర తెరుచుకునే ఫ్లాపర్ (చేప జారిపోకుండా పట్టే ముల్లు) ఒకటి చాలు. అది వదులుగా ఊగాలి, కానీ ఈటె పోతుండగా తెరుచుకోకూడదు. 50 మీటర్ల సన్నని డైనీమా తాడున్న రీల్ గానీ, ఫ్లోట్‌కి (నీటి పైన తేలే బుడ్డికి) కట్టిన 20 మీటర్ల ఫ్లోట్ లైన్ గానీ ఏదో ఒకటి ఉండాలి. ట్రౌట్ దెబ్బ తినగానే రంధ్రంలోకి దూరుతుంది. రీల్ ఉంటే తాడు వదులుతూ పైకి వచ్చి, ఊపిరి తీసుకుని మళ్లీ దిగొచ్చు. లేకపోతే గన్‌ను వదలలేక అడుగునే పెనుగులాడతారు.

ఇక నీలి సముద్రం, అంటే రీఫ్ దాటిన లోతు నీళ్లు. అక్కడ అసలు కథ ఈటె తగిలాక మొదలవుతుంది. కోనం, వాహూ, డాగ్‌టూత్ ట్యూనా లాంటివి రీఫ్ చేపలా రాయి కిందికి పోవు, సూటిగా దూరానికో లోతుకో పరుగు తీస్తాయి. కోనం మాంసం మెత్తన. తాడు గట్టిగా బిగిస్తే ఈటె చీల్చుకుని బయటపడుతుంది, చేప పారిపోయి ఎక్కడో చస్తుంది. కనుక ఇక్కడ 8 మిల్లీమీటర్లు లేదా అంతకంటే మందమైన ఈటె, దాని చివర స్లిప్ టిప్ వాడతారు. దెబ్బ తగలగానే ఆ మొన ఈటె నుంచి ఊడి, చేపకు అవతలివైపు అడ్డంగా తిరిగి, పొట్టి తాడుతో పట్టి ఉంచుతుంది. మొన మరీ వదులుగా ఉంటే ఈదుతుండగానే ఊడి వేలాడుతుంది, మరీ బిగువైతే చేపలో ఊడదు. దిగే ముందు వేలితో లాగి చూసుకోవాలి.

గన్‌కూ చేపకూ సంబంధం తెగేలా అమర్చుకోవాలి. దీన్నే బ్రేక్‌అవే అంటారు. షూటింగ్ లైన్ నేరుగా ఫ్లోట్ లైన్‌కి కలుస్తుంది, దెబ్బ తగలగానే గన్ విడిపోతుంది, చేప సాగే బంజీ తాడునూ దాని చివరి ఫ్లోట్‌నూ లాక్కుపోతుంది. రీఫ్‌కి 11 లీటర్ల ఫ్లోట్ చాలు, పెద్ద చేపలకు 35 లీటర్ల గట్టిది కావాలి. పరుగు తీసే తాడు చుట్ట చెయ్యికో కాలి ఈత రెక్కకో (ఫిన్) తగులుకుంటే చేపతో పాటు మనిషీ కిందికి పోతాడు. అందుకే తాడెప్పుడూ వెనకవైపు సాఫీగా పరుచుకుని ఉండాలి, మణికట్టుకి ఏ ఉచ్చూ ఉండకూడదు, ఏ చేత్తోనైనా అందేచోట కత్తి ఉండాలి. నడుముకు కట్టుకున్న బరువుల బెల్టు ఒక్క లాగుతో ఊడాలి.

అందువల్ల కొనే వరుస నా దృష్టిలో ఇది: ముందు 100 సెంటీమీటర్ల రెయిల్ గన్, రెండు రబ్బర్లు, ఫ్లాపర్ ఈటె, రీల్. తర్వాత ఫ్లోట్, బంజీ, స్లిప్ టిప్. ఆ సామాను వాడకం చేతికి వచ్చాకే 130 గన్. పెద్ద గన్ ముందు కొని ఫ్లోట్‌కి డబ్బు మిగలనివాడు నీలి నీళ్లలో దిగకూడదు.

ఎవరూ ఒంటరిగా దిగవద్దు. ఒకరు కిందికి పోతే ఇంకొకరు పైన చూస్తూ ఉండాలి, పైకి వచ్చాక కూడా అర నిమిషం ముఖం వైపే చూడాలి. స్పృహ తప్పడం చాలావరకు పైకి వచ్చేటప్పుడు చివరి మీటర్లలో, లేదా వచ్చిన కొద్ది సెకన్లకే జరుగుతుంది. దిగే ముందు గబగబా ఊపిరి తీయడం దీన్ని పిలిచి తెచ్చుకోవడమే. కింద ఉన్నంతసేపటికి కనీసం రెట్టింపు సేపు పైన విశ్రాంతి తీసుకోవాలి.

చట్టం సంగతి. కెయిర్న్స్, టౌన్స్‌విల్ ఉన్న క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో స్కూబా సిలిండర్‌తో గానీ, పైనుంచి గాలి పంపే గొట్టంతో గానీ స్పియర్‌ఫిషింగ్ చేయకూడదు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ మెరైన్ పార్క్ గ్రీన్ జోన్లలో ఏ వేటా లేదు. మావోరీ రాస్, బర్రముండి కాడ్, పొటాటో కాడ్, క్వీన్స్‌ల్యాండ్ గ్రోపర్ అనే చేపలు ముట్టరానివి. మామూలు కోరల్ ట్రౌట్ 38 సెంటీమీటర్లు, కోనం 75 సెంటీమీటర్లు ఉండాలి. 2023 జులై నుంచి కోనం మనిషికి ఒకటే. గాలంతో పట్టిన చిన్న చేపను వదిలేయొచ్చు, ఈటె దిగిన చేపను వదల్లేం. కనుక కొలత కొట్టకముందే కావాలి. కంటికి 38 అనిపించే ట్రౌట్ నిజానికి 29 దగ్గరే ఉంటుందని పైన చెప్పిన లెక్కే చెబుతోంది. మొన నుంచి 38, 75 దగ్గర ఈటె మీద రంగు టేపు చుట్టుకోండి. చేప ఈటె పక్కకు వచ్చినప్పుడు రెండూ ఒకేలా పెద్దవిగా కనిపిస్తాయి కనుక టేపు అబద్ధం చెప్పదు. సెలవులకు మాల్దీవులు వెళ్లేవాళ్లు గన్ ఇంట్లోనే ఉంచండి, అక్కడ స్పియర్‌ఫిషింగ్ నిషేధం.

పాత గన్ కొంటే ఈటెను ఊడదీసి గాజు బల్ల మీద దొర్లించండి, వంగినది ఎగిరెగిరి పడుతుంది, సరిచేయడానికి డబ్బు పెట్టొద్దు. అల్యూమినియం బ్యారెల్‌ను చెవి దగ్గర ఊపండి, లోపల నీళ్లు చప్పుడైతే కొట్టాక ఆ గన్ మునిగిపోతుంది. రబ్బరును సాగదీసి విష్‌బోన్ దూరిన చోట చూడండి, సన్నని పగుళ్లుంటే అక్కడే తెగి ముఖానికి కొడుతుంది. రబ్బర్లు ఎలాగూ మార్చాల్సిందే, ఆ ఖర్చు ముందే బేరంలో తగ్గించుకోండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
కెయిర్న్స్, క్వీన్స్‌ల్యాండ్