ఏమీ అనుకోనంటే ఒక మాట

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా స్కూల్లోనే పనిచేసే టీచర్ ఒకామె నన్ను చర్చి బయట వేపచెట్టు కిందికి పిలిచింది. "అక్కా, ఏమీ అనుకోనంటే ఒక మాట" అంది. అంతకుముందు శుక్రవారం అసెంబ్లీలో ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు నేను మైకులో చదివాను. వాళ్లలో ఏడో తరగతి బాబు ఒకడు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదట. "రాత్రి వాడి కోసం ప్రార్థన చేశాను, నీ కోసం కూడా చేశాను. ఇక చెప్పకుండా ఉండలేకపోయాను" అంది. మాట్లాడుతున్నంతసేపూ బైబిల్ జిప్పు తీస్తూ వేస్తూనే ఉంది.

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. మూడో రోజు ఆ బాబును పిలిచి సారీ చెప్పాను. ఇకమీదట ఫీజు సంగతి మీతోనే మాట్లాడతాం, పిల్లల దగ్గర ఎత్తం.

అప్పుడే నాకు డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారు గుర్తొచ్చారు. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియా వాళ్లు కొద్దిమందే. ఆయనకు అప్పుడు 35 ఏళ్లు. విదేశీ మిషనరీల త్యాగాలన్నిటికీ ముందు కృతజ్ఞత చెప్పి, ఆ తర్వాత అసలు మాట చెప్పారు: మాతో మీరు దూరంగా ఉంటున్నారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని. ఆ మాట సభలో కొందరికి మింగుడుపడలేదు. కానీ ఆయన వాళ్లను వదిలి వెళ్లిపోలేదు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ చర్చి నుంచి వచ్చిన క్రైస్తవ సంఘం) తొలి భారతీయ బిషప్ అయ్యి, 1945లో కన్నుమూసేదాకా డోర్నకల్‌కే అంకితమయ్యారు. ఆయన వేదిక మీద చెప్పారు, మా టీచర్ చెట్టు కింద చెప్పింది. ఇద్దరూ ఎదుటివాళ్లను తమవాళ్లనుకునే చెప్పారు.

మీ దగ్గర ఒక మనవి. "నా ఫ్రెండ్ నన్ను ఇలా అంది" అని పిల్లలు ఏడుస్తూ ఇంటికొస్తే, వెంటనే ఆ ఇంటికి ఫోన్ చెయ్యకండి. ముందు కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి: అందరి ముందు అందా, పక్కకు పిలిచి అందా? అన్నాక నీతో కలిసి అన్నం తిందా? పక్కకు పిలిచి చెప్పి, మళ్లీ కలిసి తిన్న స్నేహితురాలైతే, ఆ మాటను ఒక రాత్రి మనసులో ఉంచుకోమనండి. వెక్కిరింపు అయితే మాత్రం దాచొద్దు, క్లాస్ టీచర్‌కు చెప్పండి.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో నా గురించి మీకు చెప్పాలనిపించిన మాట ఏదైనా ఉంటే, మీటింగ్ అయ్యాక నా గదికి రండి. తలుపు తీసే ఉంటుంది.

మీ ప్రధానోపాధ్యాయురాలు