మొహం చూసి రూము మారతావా?

సఖినేటిపల్లి,
ఆదివారం

చి. బాబుకి అమ్మ దీవెనలు.

నిన్న ఫోన్లో నీ రూమ్మేటు గురించి "వాడి మొహం చూస్తేనే నమ్మబుద్ధి కాదమ్మా, రూము మారిపోతా" అన్నావు. సిగ్నలు పోయి మాట తెగింది గానీ, లేకపోతే తిట్టేదాన్నే. కోపం చల్లారాక రాస్తున్నాను.

తప్పు నీ ఒక్కడిదే కాదులే. 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విల్లిస్, టొడోరోవ్ అనే ఇద్దరు పరిశోధకులు, ముక్కూమొహం తెలియని వాళ్ల ఫొటోలు సెకనులో పదో వంతు సేపు చూపించి, నమ్మదగ్గ మనిషేనా అని అడిగారు. తీరిగ్గా చూసినవాళ్లు ఏమన్నారో, రెప్పపాటులో చూసినవాళ్లూ దాదాపు అదే అన్నారు. ఇంకాస్త సేపు చూపిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు గానీ, దాని మీద ధీమా పెరిగింది. ఆ ధీమాయే కొంప ముంచేది.

మనకి మునిగింది కూడా. నువ్వు ఆరో తరగతిలో ఉండగా రొయ్యల పట్టుబడికి వచ్చినతను గుర్తున్నాడా? చక్కని నవ్వుమొహం. "అక్కా" అంటూ మజ్జిగ అడిగి మరీ తాగాడు. 40 కౌంటు (కిలోకి 40 తూగే) సరుకుని, చిన్నవైన 50 కౌంటు కింద రాసుకుని, ఆ డబ్బయినా సగమే ఇచ్చి, మళ్లీ కనపడలేదు. జీవశాస్త్రం చెప్పే టీచర్ని, నేనే మీ నాన్నతో "మంచివాడిలా ఉన్నాడండీ" అన్నాను. ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తరు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండును.

మరి మొహం ఎందుకూ పనికిరాదా అంటే, వస్తుంది, వేరే పనికి. మొన్న నరసాపురం వెళ్తూ, గోదావరి దాటించే పంటు మీద చూశాను. ఇంజను హోరులో పక్కవాళ్ల మాట వినపడదు. పంటు నడిపే సరంగు చేతులు చుక్కాని మీదే ఉన్నాయి. తల కదల్లేదు, కళ్లు మాత్రం గట్టు మీది గుంజ వైపు తిప్పాడు. ముందు నిలబడ్డ కుర్రాడు తాడు అటే విసిరాడు. నల్లగుడ్డు ఎటు జరిగిందో వాడికి కనపడింది, చుట్టూ తెల్లగా ఉండబట్టే కదా!

2007లో టొమసెల్లో అనే పరిశోధకుడి బృందం దీన్నే పరీక్షించింది. ఏడాది, ఏడాదిన్నర పసివాళ్లు ఎదుటి మనిషి కళ్లు ఎటు తిరిగితే అటు చూశారు. చింపాంజీ, గొరిల్లాలు ఎక్కువగా తల తిరిగిన వైపు చూశాయి. పదిమంది కలిసి పనిచేసుకునే జాతికి చూపు దాచుకోవడం కన్నా తెలియనివ్వడమే లాభించిందని, అందుకే మన కళ్లలో తెలుపు అంతగా కనపడుతుందని వాళ్ల ఊహ. కొన్ని చింపాంజీల కళ్లలోనూ తెలుపు ఉందని తర్వాత తగువు లేచింది, ఇంకా నడుస్తోంది. పంటు ఎక్కినప్పుడల్లా నాకు మాత్రం టొమసెల్లో వైపే మొగ్గాలనిపిస్తుంది.

ఆ సరంగు నీకు తెలుసుగా. ముడుచుకున్న బొమలు, పెదవి మీద గాటు. చిన్నప్పుడు ఆయన్ని చూసి నా కొంగు చాటున దాక్కునేవాడివి. నువ్వు పంటులో మర్చిపోయిన స్కూలు బ్యాగు, ఊరంతా వాకబు చేసి మూడో రోజు ఇంటికి తెచ్చిచ్చింది ఆయనే.

ఇంతకీ ఆ అబ్బాయి అద్దె వాటా టైముకి ఇస్తున్నాడా? మొన్న నీకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చింది ఎవరు? అవేమీ చెప్పలేదు నువ్వు. ఉత్తరం అందాక ఫోన్ చెయ్యి. మేడెక్కి మాట్లాడతాను, అక్కడ సిగ్నలు బాగుంటుంది.

అమ్మ