మా జట్టుకు విశ్రాంతినిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు

మా కళాశాల మహిళల సాకర్ (ఫుట్‌బాల్) జట్టు ఈ ఏడాది మా కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కళాశాలల బృందం) ఛాంపియన్‌షిప్ గెలుచుకున్న సంగతి ఈపాటికే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అభినందనలు పంపిన ప్రతి ఒక్కరికీ జట్టు తరఫున నమస్కారాలు. ఆ అభినందనల్లో ఎక్కువ భాగం గోల్ చేసిన వారికీ, ఆఖరి పెనాల్టీని ఆపిన మా గోల్‌కీపర్‌కూ చేరాయి. వాటికి వారు పూర్తిగా అర్హులు. స్కోరు పట్టికలో పేరు కనిపించకపోయినా సీజన్ పొడవునా మమ్మల్ని నిలబెట్టిన వారికి ధన్యవాదాలు చెప్పుకోవలసిన బాధ్యత మాపై ఉంది కనుక, జట్టు కెప్టెన్‌గా ఈ లేఖ రాస్తున్నాను. సాయం చేసిన వారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నందున దీన్ని తెలుగులో రాస్తున్నాను.

అమెరికాలో కళాశాల సాకర్ సీజన్ ఎంత ఇరుకైనదో బయటివారికి అంతగా తెలియకపోవచ్చు. ఆగస్టు చివర మొదలై నవంబరులోకి అడుగుపెట్టేసరికి చాలా జట్లకు ముగిసిపోయే ఈ సీజన్‌లో వారానికి రెండు మ్యాచ్‌లు ఆడటం మామూలు. 90 నిమిషాలు పరుగెత్తిన కాళ్లు కోలుకోవడానికి రెండు మూడు రోజులే దొరుకుతాయి; తరగతులు, ల్యాబ్‌లు, పరీక్షలు, బస్సు ప్రయాణాలు అన్నీ ఆ రోజుల్లోనే సర్దుకోవాలి. అమెరికా కళాశాల క్రీడలను నిర్వహించే సంస్థ ఎన్‌సీఏఏలో మేము ఆడే విభాగమైన డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు కాబట్టి, మాలో చాలామంది ప్రాంగణంలో ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూనే ఆడతారు. అక్టోబరు నెలాఖరుకు ఎవరి కాళ్లలో సత్తువ మిగిలి ఉంటుందో ఆ జట్టుదే పైచేయి అవుతుందని నా గట్టి నమ్మకం. మాకు ఆ సత్తువ మిగిల్చినవారు మీరు.

అందరికంటే ముందు మా అథ్లెటిక్ ట్రైనర్‌కు కృతజ్ఞతలు. మోకాలిలోని ఏసీఎల్ అనే స్నాయుబంధం తెగిపోయే ప్రమాదం ఈ ఆటలో పురుషుల కంటే మహిళలకు ఎక్కువ. ఒకసారి తెగితే శస్త్రచికిత్స తర్వాత తిరిగి మైదానంలోకి రావడానికి సాధారణంగా తొమ్మిది నెలలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. గత సీజన్‌లో అలా గాయపడిన మా మిడ్‌ఫీల్డర్‌తో ఆవిడ చలికాలమంతా ఓపికగా వ్యాయామాలు చేయించారు. అంతటితో ఆగకుండా, గాయాలను తగ్గించడానికి రూపొందించిన ఫిఫా 11+ వార్మప్‌ను జట్టు మొత్తానికీ నేర్పించి, ప్రాక్టీసుకు ముందు ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ దాటవేయకుండా దగ్గరుండి చూశారు. తలకు దెబ్బ తగిలిన ఒక డిఫెండర్ తనకేమీ కాలేదని ఎంత వాదించినా, కోచ్‌కు ఆమె అవసరం ఎంత ఉన్నా, దశలవారీ పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ఆవిడ అనుమతి ఇవ్వలేదు. ఆ రోజు ఆ నిర్ణయం మాకు కఠినంగా అనిపించినా, మా సహచరి ఆరోగ్యాన్ని మ్యాచ్ ఫలితం కంటే పైన నిలిపినందుకు ఆవిడకు మేమూ, ఆ అమ్మాయి తల్లిదండ్రులూ ఎప్పటికీ రుణపడి ఉంటాం.

బెంచ్ మీద కూర్చున్న మా సహచరులకు చెప్పవలసినది కూడా చాలా ఉంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒకసారి మైదానం వీడిన క్రీడాకారిణి ఆ మ్యాచ్‌లో తిరిగి అడుగుపెట్టలేదు; కళాశాల ఆటలో మాత్రం మొదటి అర్ధభాగంలో బయటికి వచ్చినవారు రెండో అర్ధభాగంలో మళ్లీ ఆడవచ్చు. అందువల్ల బెంచ్ బలంగా ఉన్న జట్టు తన ముఖ్యమైన ఆటగాళ్లకు మ్యాచ్ మధ్యలోనే ఊపిరి తీసుకునే అవకాశం ఇవ్వగలదు. మొదటి అర్ధభాగం చివరి పదిహేను నిమిషాలు ఆడే పని మా రెండో వరుసకు అప్పగించినప్పుడు, వారు దాన్ని చిన్న పనిగా చూడలేదు; ప్రత్యర్థులను పరుగులు పెట్టించి అలసటను వారి వైపుకు నెట్టారు. ఫైనల్లో అదనపు సమయం ముగిసేసరికి కూడా మేము బంతి వెంట పరుగెత్తగలిగామంటే కారణం వాళ్లే.

ఆ ఫైనల్ ప్రత్యర్థుల మైదానంలో జరిగింది. తెల్లవారుజామున బస్సు ఎక్కి నేరుగా ఆటలోకి దిగవలసి వస్తుందని మేమంతా అనుకుంటున్న సమయంలో, మా కళాశాల తొలినాటి జట్టులో ఆడిన పూర్వ విద్యార్థినులు చందాలు వేసుకుని ముందు రాత్రి హోటల్ ఖర్చు భరించారు. విద్యలో లింగ వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972లోనే వచ్చినా, ఎన్‌సీఏఏ మహిళల సాకర్ ఛాంపియన్‌షిప్ 1982లో గాని మొదలు కాలేదు. తమకు అందని సౌకర్యం తమ తర్వాతి వారికి అందాలని కోరుకునే మనసు వారిది. నిర్ణీత సమయంలో 1–1తో సమానంగా నిలిచిన మ్యాచ్ రెండు పది నిమిషాల అదనపు భాగాల తర్వాత కూడా తేలలేదు, పెనాల్టీ కిక్‌లతో టైటిల్ మాకు దక్కింది. గణాంకాల్లో అది డ్రాగానే నమోదవుతుంది; ముందు రాత్రి హోటల్లో సరిపడా నిద్ర లేకుండా మేము అంతదూరం నెట్టుకొచ్చేవాళ్లం కాదు.

ప్రయాణాల కారణంగా పరీక్షల వేళలు మార్చి ఇచ్చిన ఆచార్యులకు, వానల తర్వాత కూడా కాలు జారని పచ్చికను సిద్ధం చేసిన మైదానం సిబ్బందికి, రాత్రివేళల్లో మమ్మల్ని భద్రంగా తిరిగి తీసుకొచ్చిన బస్సు డ్రైవరు గారికి మా ధన్యవాదాలు. శరత్కాల సెలవుల్లో భోజనశాల మూతపడి, మ్యాచ్‌ల కోసం మేము మాత్రమే ప్రాంగణంలో మిగిలిపోయినప్పుడు, తమ ఇళ్లలో చోటిచ్చి మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకున్న తెలుగు కుటుంబాల పెద్దలకు పాదాభివందనాలు. ఆంటీ, అంకుల్, మీ ఇళ్లలో ఉన్న నా సహచరులు మిమ్మల్ని ఇప్పటికీ పేరుపేరునా అడుగుతున్నారు.

కాన్ఫరెన్స్ విజేతలుగా లభించిన ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంట్ అవకాశం మొదటి రౌండ్‌లోనే ముగిసింది. మాకంటే మెరుగ్గా ఆడిన జట్టు చేతిలో ఓడిపోయాం. ట్రోఫీని వసంతకాలం సెమిస్టర్ మొదటి వారంలో వ్యాయామశాల ముందు హాలులో ఉంచుతున్నారు. ఆ వారం జట్టంతా సాయంత్రం వేళ అక్కడే ఉంటుంది. పైన ప్రస్తావించిన వారందరూ కుటుంబాలతో రావలసిందిగా, ట్రోఫీతో మాతో కలిసి ఫొటో దిగవలసిందిగా వేడుకుంటున్నాం.