క్లినికల్ పోస్టింగ్: హాజరు, సన్నద్ధత

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులకు,

సోమవారం మెడికల్ వార్డు పోస్టింగ్ మొదలవుతుంది. రాత్రి షిఫ్టు వారు కేసులు అప్పగించేటప్పుడే రోగుల పరిస్థితి తెలుస్తుంది కనుక, అంతకు పదిహేను నిమిషాల ముందే యూనిఫాంలో వార్డులో ఉండాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు చాలినా, డిగ్రీ పొందేలోగా క్లినికల్ హాజరు 100 శాతం పూర్తి కావాలి. మానేసిన రోజులను తర్వాత పూర్తి చేయవలసిందే.

మీకు కేటాయించిన రోగి కేసు షీటును ముందురోజే చదివి, మందుల మోతాదు, పనితీరు, దుష్ప్రభావాలు రాసుకుని రండి. గుండె జబ్బుకు వాడే డైగాక్సిన్ ఇచ్చేముందు గుండె స్పందనను పూర్తి నిమిషంపాటు లెక్కించాలనీ, పెద్దవారిలో అది 60 కంటే తక్కువుంటే మందు ఆపి వైద్యులకు తెలియజేయాలనీ మంచం పక్కన నిలబడి గుర్తు తెచ్చుకోవడం కుదరదు. రోగి సంరక్షణకు సీనియర్లు రాసిన కేర్ ప్లాన్‌ను చూసి రాస్తే (రోగి వయసు మార్చడం మరచినవారూ ఉన్నారు) అంగీకరించను.

జ్వరం ఉన్నవారు వార్డుకు రాకుండా, ఉదయం ఏడులోపు నాకు ఫోన్ చేయండి.