చెరువు గట్టు మీద కాపలా కుక్కకి నీడేదీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండలు ముదరగానే మీ పత్రికలో వడదెబ్బ జాగ్రత్తలు వేస్తున్నారు. ఊరూరా చలివేంద్రాలు వెలుస్తున్నాయి. పశువుల కోసం ఉపాధి హామీ పథకంలో నీటి తొట్టెలు కూడా కట్టించారు. సంతోషం. అయితే ఈ లెక్కల్లో ఎక్కడా కనపడని జీవి ఒకటుంది. మా గోదావరి డెల్టాలో రొయ్యల చెరువుల మీద, చేపల చెరువుల మీద గొలుసుతో కట్టేసి ఉండే కాపలా కుక్క. దాని గురించే ఈ ఉత్తరం.

నాది ఆకివీడు ప్రాంతం. మేత, మందుల వ్యాపారం కాబట్టి పగలంతా గట్ల మీదే తిరుగుతుంటాను. ఉప్పుటేరు పక్క చెరువులైనా, కాళ్ల, ఉండి మండలాల వైపు చెరువులైనా మకాం (కాపలా పాక) దగ్గర కుక్క లేకపోవడం అరుదు. పట్టుబడి, అంటే సరుకు పట్టే రోజు, దగ్గర పడితే దొంగల భయానికి కుక్క, తెల్లారితే నీటికాకుల్ని తోలడానికి కుక్క, మోటార్ల దగ్గర రాగి తీగ పోకుండా కుక్క. లక్షల సరుకు దాని అరుపు మీద ఆధారపడి ఉంటుంది.

కట్టేయడానికీ కారణం లేకపోలేదు. వదిలేస్తే ఒక చెరువులో దిగి ఇంకో చెరువు గట్టెక్కుతుంది. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ భయంతో పీతలు రాకుండా చుట్టూ వలకట్టే రైతు, కుక్కని ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తాడా? పక్క రైతు గొడవకొస్తాడు. ఇందులో రైతుని తప్పు పట్టను. నా బాధ కట్టేసే పద్ధతి గురించి.

మే నెల మధ్యాహ్నం ఏదైనా గట్టు మీదకి వెళ్లి చూడండి. మకాం పక్కన ఇనుప పైపు, దానికి బారెడు గొలుసు. పొద్దున కట్టినప్పుడు అక్కడ కొబ్బరి చెట్టు నీడ ఉండే ఉంటుంది. ఆ నీడ గంటకో చోటికి జరిగిపోతుంది, గొలుసు జరగదు. ఎండకి కాలిన గొలుసు మెడకి తగులుతుంటే కుక్క తల పక్కకి వంచి కూర్చుంటుంది. స్టీలు గిన్నెలో నీళ్లుంటే అవి వేడెక్కి మూతి పెట్టేలా ఉండవు. కాసేపటికి అది గట్టు వాలులో తడి మట్టి తగిలేదాకా ముందుకాళ్లతో గుంట తవ్వి, పొట్ట ఆనించి పడుకుంటుంది. దానికి తెలిసిన ఏసీ అదే. సాయంత్రం యజమాని వచ్చి ‘గట్టు తవ్వేస్తోంది ముండ’ అని కర్ర తీస్తాడు.

మన దగ్గర ఎండ కంటే ఉక్క ప్రమాదం. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త పడుతుందంతే. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. నాలుక మీద, నోట్లో, శ్వాసనాళంలో తడి ఆవిరైతేనే ఒంట్లో వేడి దిగుతుంది. గాల్లో తేమ నిండి ఉంటే ఆ తడి ఆవిరి కాదు. అందుకే పొడి ఎండ ఉండే ఊళ్లలో 42 డిగ్రీలని చూసి భయపడేవాళ్లు, ఇక్కడ 37 డిగ్రీలే కదా అనుకుంటే పొరపాటు. చుట్టూ ఎకరాల కొద్దీ నీళ్లున్న గట్టు మీద గాలి ఎంత బరువుగా ఉంటుందో అక్కడ పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ఆపద, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

ఇక నీళ్ల సంగతి. దాళ్వా (రబీ వరి) పంట చివరికొచ్చాక, సాధారణంగా ఏప్రిల్‌లో, ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లో. ఎండలు మండే రోజుల్లోనే పంట బోదెలు ఎండిపోతాయి. మిగిలేది చెరువు నీరు. రొయ్యల చెరువు నీళ్లు ఉప్పన, తాగితే కుక్కకి వాంతులు, విరేచనాలై ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. చేపల చెరువులో నీలి ఆకుపచ్చ నాచు తేలితే ఆ నీళ్లు ఒక్కోసారి విషంతో సమానం. ‘టిన్ను నీళ్లు నాకే సరిపోవట్లేదండీ, దానికెక్కడ పొయ్యమంటారు?’ అని ఒక గుమస్తా నన్నే అడిగాడు. నిజమే మరి. భూమిలో నీరు ఉప్పగా మారిన ఊళ్లలో మనుషులే టిన్ను కొనుక్కుని తాగుతున్నారు. కాబట్టి ఈ నీళ్ల ఖర్చు గుమస్తా జీతంలోంచి కాదు, చెరువు పెట్టుబడిలోంచి పోవాలి. మేతకీ, మందులకీ, కరెంటు బిల్లుకీ పోసే డబ్బులో రోజుకి సగం టిన్ను నీళ్లు ఓ లెక్కా?

చేయాల్సింది పెద్దదేం కాదు. పక్షులు వాలకుండా చెరువు మీద ఎలాగూ తీగలు లాగుతారు. అలాంటి గట్టి తీగ ఒకటి గట్టు వెంబడి రెండు స్తంభాల మధ్య లాగి, గొలుసు చివర రింగు దానికి తగిలిస్తే కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, నీడ ఎటు జరిగితే అటు పోతుంది, చెరువులో దిగడానికి మాత్రం వీలుండదు. ఆ తీగ కింద నాలుగు వాసాల మీద తాటాకు కప్పు వేయండి. రేకుల గూడు వద్దు, మధ్యాహ్నానికి అది పెనంలా కాలుతుంది. స్టీలు గిన్నె బదులు మట్టి గోళెం సగం భూమిలో పాతితే నీళ్లు చల్లగా ఉంటాయి, తన్నినా ఒలకవు. పొద్దున, సాయంత్రం మార్చాలి. మధ్యాహ్నం గోనె సంచి తడిపి కింద పరిస్తే మరీ మంచిది. కుక్క పైన మాత్రం కప్పకండి, వేడి లోపలే ఉండిపోతుంది.

కుక్క రొప్పడం ఆపకుండా, చిగుళ్లు ఎర్రగా కంది, చొంగ జిగురుగా కారి, తూలుతుంటే అది వడదెబ్బే. నీడలోకి లాగి వెంటనే ఒంటి మీద, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య నీళ్లు పోస్తూ ఉండాలి. అప్పుడు ఉప్పు నీళ్లైనా ఫర్వాలేదు, చెరువులోంచి ముంచి పోయండి. విసరండి. తెలివిలో లేకపోతే నోట్లో బలవంతంగా నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాస్త చల్లబడ్డాక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 1962కి ఫోన్ చేసినా ఏం చేయాలో చెబుతారు.

పట్టణాల్లో పెంచేవాళ్లకి ఒక్క మాట. భీమవరం, కాకినాడ మేడల మీద హస్కీలు, చప్పిడి ముక్కు పగ్‌లు కనబడుతున్నాయి. పగ్‌కి రొప్పడమే సరిగా రాదు. హస్కీకి వేసవని గుండు గీయించకండి, ఆ బొచ్చే దానికి ఎండ నుంచి అడ్డు. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనకభాగం ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్కని నడిపించకండి.

ఇక చట్టం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, తిండీ నీళ్లూ నీడా ఇవ్వకపోవడం నేరాలే. జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు! కిలో వనామి రొయ్యల ధరలో నాలుగో వంతు కూడా రాదు. ఈ చట్టంతో ఎవరూ భయపడరు. భయపెట్టగలిగింది లైసెన్సు. 2020 చట్టంతో వచ్చిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ దగ్గర చెరువులకి లైసెన్సు తీసుకోవాలి కదా. రెన్యువల్ కాగితంలో ‘కాపలా జంతువుకి నీడ, మంచినీళ్లు’ అని ఒక్క గడి చేర్చమని మత్స్యశాఖ అధికారుల్ని కోరుతున్నాను. తనిఖీకి వచ్చిన మనిషి ఏరేటర్లు చూసే కళ్లతోనే అదీ చూసి టిక్కు పెట్టొచ్చు.

పంచాయతీలకి ఇంకో మనవి. మీరు కట్టించే తొట్టెలు గేదె ఎత్తుకున్నాయి. పట్టుబడి అయ్యాకో, లీజు ముగిశాకో గట్టు మీద వదిలేసిన కుక్కలు ఊళ్లోకే వస్తాయి, వాటికి ఆ తొట్టె అందదు. వీధికుక్కల గొడవ తీరాలంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి, రేబిస్ టీకాలు వేయాల్సిందే, కాదనను. దాహంతో ఉన్న కుక్క మాత్రం ఎవరికీ మంచిది కాదు. ఆ తొట్టె పక్కనే జానెడు ఎత్తున ఇంకో చిన్న తొట్టె కట్టించడానికి ఒక బస్తా సిమెంటు చాలు. రోహిణి కార్తె రాకముందే కట్టించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆకివీడు ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా