సైరన్ మోగితే అత్త ఎటు వెళ్ళాలి?

కుషాయిగూడ, హైదరాబాద్
2025 మే 17

చిన్నీ,

ఫోన్‌లో చెప్పబోతే నువ్వు మధ్యలో అడ్డొస్తావు, నేను అసలు మాట మర్చిపోతాను. అందుకే కాగితం తీశాను. రాసి ఫొటో తీసి పంపొచ్చు కదా అంటోంది మీ అమ్మ. పోస్టులోనే వేస్తాను. కర్ణాటకలో మీ కైగా అణు విద్యుత్ ప్లాంటు దాకా వచ్చేసరికి ఎన్ని రోజులు పడితే అన్ని పట్టనీ, ఈలోగా నీ కోపం కూడా కాస్త దిగుతుంది.

నువ్వు ఫ్యామిలీ గ్రూప్‌లోంచి వెళ్ళిపోయి మూడు రోజులైంది. పోతూ పోతూ పెట్టిన మెసేజ్ ఇంకా అక్కడే ఉంది. "చదువుకోకపోవడం తప్పు కాదత్తా, తెలియని చెత్తని పదిమందికీ పంపడం తప్పు." దాని కింద మీ పెద్దత్త ఒక్క అక్షరం రాయలేదు. రోజూ ఐదున్నరకల్లా వెంకన్న బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టే మనిషి, ఇప్పుడు అదీ లేదు.

ముందే చెప్తున్నాను, విషయం నువ్వు చెప్పిందే కరెక్టు. పాకిస్తాన్‌లో ఆ కిరానా కొండల దగ్గర రేడియేషన్ లీకైందని, గాలి ఇటు వీస్తోందని, వారం దాకా వానలో తడవొద్దని వచ్చిన మెసేజ్ అబద్ధమే. అక్కడ ఏ అణు కేంద్రం నుంచీ రేడియేషన్ బయటికి రాలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థే చెప్పింది. (ఆ పేరు విని మీ అమ్మ మొదట ఏదో కిరాణా కొట్టులో గ్యాస్ లీకైందనుకుంది.) కానీ ఆ మెసేజ్ చివర 'మెడకు బెటాడిన్ రాసుకోండి' అని ఉంది చూశావా? అది చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. భయమేసి కాదు. పద్నాలుగేళ్ళ కింద అదే మాట నా మందుల షాపు కౌంటర్ ముందుకు వచ్చింది. నీకు గుర్తుందో లేదో.

2011 మార్చి 11, శుక్రవారం. ముందురోజే ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగింది. విగ్రహాలు కూలిపోయాయి. షాపుకి వచ్చినవాళ్ళందరి నోటా అదే మాట, ఏ విగ్రహం పోయింది, ఏది మిగిలింది అని. మన టైము పదకొండుంపావుకి జపాన్‌లో భూకంపం. మధ్యాహ్నానికి టీవీల్లో ఓడలూ ఇళ్ళూ కలిసి కొట్టుకుపోవడం చూపించారు. దాదాపు 15 మీటర్ల అల ఫుకుషిమా ప్లాంటు మీద పడిందని, డీజిల్ జనరేటర్లు మునిగిపోయి చల్లబరిచే నీళ్ళు ఆగిపోయాయని తర్వాత తెలిసింది. అదంతా నీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఒక్కటి మాత్రం చెప్పాలి. సునామీలో పోయినవాళ్ళు పదిహేను వేలకు పైనే. నాలుగు రోజులు తిరిగేసరికి మన బస్తీలో వాళ్ళ ఊసే లేదు. శనివారం ఒక రియాక్టర్ కప్పు పేలింది, సోమవారం ఇంకొకటి. ఇక అందరూ ఆ పొగనే చూశారు. నీళ్ళు కంటికి కనిపిస్తాయి, ఎంత దూరం వచ్చాయో తెలుస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, ఎక్కడ ఆగిందో చెప్పేవాళ్ళు లేరు.

సోమవారం సాయంత్రం నుంచి ఎస్సెమ్మెస్‌లు మొదలయ్యాయి. ఇంగ్లీషులో, బీబీసీ పేరు పెట్టి. వానొస్తే బయటికి రావొద్దు, థైరాయిడ్ ఉండే చోట బెటాడిన్ పూయండి అని. గాయాలకు పూసే ఆ మందులో ఉండేది అయోడినే కదా. బీబీసీ వాళ్ళు అలాంటిదేమీ చెప్పలేదు. ఫిలిప్పీన్స్‌లో అది నమ్మి ఒక యూనివర్సిటీ పిల్లల్ని ఇళ్ళకు పంపేసిందట. చైనాలో అయితే ఉప్పు కోసం షాపుల ముందు తోసుకున్నారు, అయోడిన్ ఉప్పు తింటే రేడియేషన్ అంటదని. అమెరికా పడమటి తీరంలో పొటాషియం అయోడైడ్ మాత్రలు దొరకలేదు.

ఉప్పు సంగతి తర్వాత నేను బిల్లు పుస్తకం వెనక లెక్క వేశాను. మన అయోడిన్ ఉప్పులో, ఇంటికొచ్చేసరికి 15 పీపీఎం ఉండాలి, అంటే కిలోకి 15 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళ మాత్ర 130 మిల్లీగ్రాములు, అందులో అయోడిన్ వంద దాకా ఉంటుంది. ఒక్క మాత్రకు సరిపడా రావాలంటే ఆరేడు కిలోల ఉప్పు ఒక్కపూట తినాలి. రేడియేషన్ సంగతి దేవుడెరుగు, ఉప్పే చంపేస్తుంది.

ఈ లెక్కలు వేయగలిగినవాణ్ణి ఆ రోజు ఏం చేశానో చెప్పాలి నీకు.

మంగళ, బుధవారాల్లో పదకొండు బెటాడిన్ సీసాలు అమ్మాను. మామూలుగా నెలకు కూడా అన్ని పోవు. బుధవారం పొద్దున కోఠి హోల్‌సేల్‌కి ఫోన్ చేసి ఇంకో డబ్బా చెప్పాను. ఎవరికీ 'ఇది పనిచేయదండీ' అనలేదు. చర్మం మీద రాస్తే ఎంత లోపలికి పోతుంది? మాత్ర మింగినా అది రేడియోధార్మిక అయోడిన్ నుంచి ఒక్క థైరాయిడ్‌నే కాపాడుతుంది, అదీ సరైన టైములో వేసుకుంటేనే. ఆరు వేల కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న మనకి అసలు దాని అవసరమే లేదు. డీ ఫార్మసీ చదివినవాణ్ణి, ఇవన్నీ నాకు తెలుసు. అడిగితే చెప్దాంలే అనుకున్నాను. ఎవరూ అడగలేదు. అడగడం రాకే కదా సీసా కొనుక్కున్నది.

ఒక ఆటో అతను వచ్చాడు. రెండేళ్ళ పాపని భుజాన వేసుకుని. అన్నిటికంటే చిన్న సీసా ఇమ్మన్నాడు. జేబులో చిల్లర ఏరి ఇచ్చాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని మూత తీసి, వేలితో ఆ పాప మెడకు పూశాడు. నిద్రలో ఉన్న పిల్ల చల్లగా తగిలేసరికి ఏడుపు అందుకుంది. మెడ చుట్టూ ఎర్రటి గోధుమరంగు, గౌను కాలరంతా మరకలు. "దూదితో రాయాలా సార్, చేత్తో చాలా?" అని నన్నే అడిగాడు. నేను దూది ఇచ్చాను. దూదికి డబ్బులు తీసుకోలేదు. అదేదో పుణ్యం చేసినట్టు.

నువ్వు అక్కడే ఉన్నావు. ఎనిమిదో క్లాసు. స్కూలు బ్యాగు కౌంటర్ కింద పెట్టి మురుకులు తింటున్నావు. "నాన్నా, పైన రాస్తే లోపల ఉన్న థైరాయిడ్‌కి ఎలా వెళ్తుంది?" అన్నావు. కస్టమర్ల ముందు మాట్లాడొద్దని కసిరాను. నువ్వు న్యూక్లియర్ ఇంజనీరువి అవుతానన్నప్పుడు అందరూ మా గొప్పతనం అనుకున్నారు. నాకు మాత్రం ఆ కసురే గుర్తొచ్చింది.

ఇప్పుడు అత్త సంగతి.

మే 7న, యుద్ధం వస్తే ఎలాగో అని మాక్ డ్రిల్ జరిగింది కదా. హైదరాబాద్‌లో నాలుగు చోట్ల పెట్టారు. సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్ డీఆర్‌డీవో, నాలుగోది మౌలాలి ఎన్‌ఎఫ్‌సీ, అదే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. హెచ్‌బీ కాలనీలో అత్త ఉండే ఇంటికి ఎన్‌ఎఫ్‌సీ ఎంత దూరమో నీకు తెలుసు. సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగింది. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, మామయ్య పోయాక ఒంటరి మనిషి. యాభై ఏళ్ళుగా ఆ పక్కనే ఉంటోంది. ఆ గోడల లోపల అణు ఇంధనం చేస్తారని తెలుసు, అంతకు మించి ఎవరూ చెప్పలేదు. ఆ సైరన్ తర్వాత వారం తిరక్కుండా ఈ మెసేజ్ వచ్చింది. పంపింది ఎవరనుకున్నావు, ఇంజనీరింగ్ చదివిన మన రెండో తమ్ముడి కొడుకే. అత్త దాన్ని మనకు పంపింది. వాణ్ణి నువ్వు ఏమీ అనలేదు, గమనించావా?

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. "ఎన్‌ఎఫ్‌సీలో రియాక్టర్ లేదక్కా, యురేనియంతో ఇంధన బండిల్స్ చేసి చిన్నీ వాళ్ళ ప్లాంట్ల లాంటి వాటికి పంపుతారు, అర మీటరు పొడవుంటాయి, రియాక్టర్‌లో మండకముందు వాటి రేడియేషన్ చాలా తక్కువ" అని నువ్వు నాకు చెప్పిందంతా అప్పజెప్పాను. ఓపిగ్గా విన్నది. విని, "సరేరా, మరి ఆ సైరన్ నిజంగా మోగిననాడు నేను ఎటు వెళ్ళాలి? కిందికి దిగాలా, తలుపులేసుకుని లోపలే ఉండాలా?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు చిన్నీ. మెసేజ్ అబద్ధమని నువ్వు చెప్పావు, బాగానే ఉంది. ఆమె అడుగుతున్నది మాత్రం ఇది.

నువ్వు ఉద్యోగంలో చేరిన ఏడాది సంక్రాంతికి వచ్చి, భోజనాల దగ్గర ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు ప్లాంటు కథ చెప్పావు. 1993 మార్చి 31, తెల్లవారుజామున టర్బైన్ బ్లేడ్లు విరిగి మంటలొచ్చి కేబుళ్ళన్నీ కాలిపోయాయని, పదిహేడు గంటలు ప్లాంటులో కరెంటే లేదని, ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని చీకట్లో పైకి ఎక్కి చేత్తో వాల్వులు తిప్పి, రియాక్టర్ మళ్ళీ రాజుకోకుండా బోరాన్ వదిలారని. చెప్తుంటే నీ కళ్ళు మెరిశాయి. నాకూ ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాత ఆలోచించాను. అప్పటికి నాకు పెళ్ళయింది, రోజూ రెండు పేపర్లు చదివేవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియనే లేదు. నా షాపుకి వచ్చేవాళ్ళలో ఒక్కరి నోటా వినలేదు. కాపాడినవాళ్ళ పేర్లు కూడా జనానికి తెలియకపోతే, రేపు మీరు 'ప్రమాదమేమీ లేదు' అంటే ఎందుకు నమ్ముతారు?

చెర్నోబిల్‌లో 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక పేలితే, పక్కనే ఉన్న ప్రిప్యత్ ఊళ్ళో ఆ శనివారమంతా పిల్లలు ఆరుబయట ఆడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం గానీ బస్సులు కదల్లేదు. స్వీడన్‌లో ఒక ప్లాంటు వాళ్ళకి తమ దగ్గర రేడియేషన్ ఎందుకు పెరిగిందో అర్థంకాక ఆరా తీస్తే, అప్పుడు ప్రపంచానికి తెలిసింది. ఈలోగా పిల్లలు రేడియోధార్మిక అయోడిన్ చేరిన పాలు తాగుతూనే ఉన్నారు. ఫుకుషిమాలో కంపెనీ వాళ్ళు 'మెల్ట్‌డౌన్' (రియాక్టర్ లోపలి ఇంధనం కరిగిపోవడం) అనే మాట రెండు నెలల దాకా నోట రానివ్వలేదు, ఆ మాట వాడొద్దని పైనుంచే చెప్పారని 2016లో ఒప్పుకుని క్షమాపణ అడిగారు. అబద్ధం మెసేజ్‌లు పుట్టేది ఇలాంటి ఖాళీల్లోనే. ఆ ఖాళీ మీవాళ్ళది, అత్తది కాదు.

నువ్వేమంటావో తెలుసు. భయం కూడా చంపుతుంది నాన్నా అంటావు. నిజమే. ఫుకుషిమా జిల్లాలో ఖాళీ చేయించే హడావిడిలో, ఆ తర్వాతి అలసటలో పోయినవాళ్ళు రెండు వేలకు పైనే, ఎక్కువమంది ముసలివాళ్ళు. రేడియేషన్ వల్ల అని అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న మరణం 2018లో ఒక్కటి. అక్కడినుంచి వేరే ఊళ్ళకు వెళ్ళిన పిల్లల్ని స్కూళ్ళలో అంటరానివాళ్ళలా చూశారు. అది నీకు బాగా తెలుసు. రెండేళ్ళ కింద ఆ సంబంధం వాళ్ళు "అమ్మాయి రియాక్టర్‌లో పనిచేస్తుందట, రేపు పిల్లలూ..." అని ఆగిపోయినప్పుడు, ఆ మాట మనకు మోసుకొచ్చింది అత్తే. తను అన్నమాట కాదు. అయినా నీ మెసేజ్‌లో ఆ పాత కోపం ఉందని నాకు అనిపించింది. కాదంటే నేను తప్పు చదివానని రాయి.

ఇంకో మాట, దాచడమెందుకు. నీకు కైగా పోస్టింగ్ వచ్చిన రాత్రి మీ అమ్మ పడుకున్నాక ఆ పేరు వెతికాను. 2009లో అక్కడ కూలర్ నీళ్ళలో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిందని, యాభై మందికి పైగా ఉద్యోగులు తాగారని చదివాను. పొద్దున నిన్ను స్టేషన్‌లో దింపేటప్పుడు "నీళ్ళ బాటిల్ పెద్దది కొనుక్కో" అని మూడుసార్లు అన్నాను. చాదస్తం అని నవ్వావు. డీ ఫార్మసీ వాడి భయం చాదస్తం, పదో క్లాసు తప్పిన అత్త భయం మూర్ఖత్వం, ఇదెక్కడి లెక్క?

అత్తకి నువ్వు క్షమాపణ చెప్పాలని నేను అనను. ఒకసారి ఫోన్ చేసి, సైరన్ మోగితే ఏం చేయాలో తనకు అర్థమయ్యేలా చెప్పు. కిటికీలు మూయాలా, ఏసీ ఆపాలా, నీళ్ళు పట్టి పెట్టుకోవాలా, ఎవరికి ఫోన్ చేయాలి, ఎంతసేపు లోపల ఉండాలి. నీకు తెలియకపోతే తెలిసినవాళ్ళని అడిగి చెప్పు. ఆమె కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంటుంది. మామయ్య మందుల చీటీ ఇంకా అక్కడే ఉంది, దాని పక్కన.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటుంది, అప్పుడు చేయకు. ఆదివారమైతే గుడికి వెళ్ళి పదింటికల్లా వచ్చేస్తుంది. నిన్న నేను వెళ్ళేసరికి ఆవకాయ కలుపుతోంది. కల్లుప్పు దంచి పెట్టుకుంది. అయోడిన్ ఉప్పు వేస్తే పచ్చడి పాడవుతుందట, "ఇది మీ సైన్సుకి తెలుసా?" అని అడగమన్నది. మూడు జాడీలు పెట్టింది. చిన్న జాడీ మీద నీ పేరు రాసి ఉంది. గ్రూప్‌లో ఏమీ రాయకపోయినా జాడీ మీద రాసింది.

జాడీ వచ్చే వారం ఎవరైనా అటు వస్తుంటే ఇచ్చి పంపుతాను. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టమని మీ అమ్మకి చెప్పాను.

మీ నాన్న